రోగిని లేపుటయు దయయేనా?

దయ అను మాటకు లోకములో సామాన్యముగా చెప్పుకొను అర్థము ఒకటి కలదు. ఎదుటివాని బాధను చూచి కరగుట, ఆ బాధ పెరుగకుండ కాపాడుట. ఇంటనైనను మఠముననైనను చిన్ననాటనుండి పిల్లలకు నేర్పెడి దయ ఇదియే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, అలసివచ్చినవానికి చాప పరచుట, రోగియైనవానిని కదలనీయక పడుకొనబెట్టి సేవించుట, వీనిలో దయ కలదా లేదా అని ఎవ్వరును సందేహింపరు. కాని సేవచేయువాడే తన చేతులతో రోగికి కొంత బాధ కలిగింపవలసి వచ్చినచో, ఆ పనిని ఏమనవలెను? బాధ పెట్టకుండుటయే దయయా? లేక కొంత బాధ పెట్టియైనను మేలు చేయుట దయయా? ఈ ప్రశ్న కేవలము తర్కము కొరకు కల్పించినది కాదు. పెద్ద ఆపరేషను జరిగిన రోగులను ఉంచెడి తీవ్ర చికిత్సా విభాగములలో, అనగా ఐ.సి.యు. గదులలో, ఇది ప్రతిదినము ఎదురగుచున్న ప్రశ్న.

అట్టి చోట తరచుగా కానవచ్చు దృశ్యము ఇట్లుండును. అరువది యేండ్ల పెద్దకు ప్రేగునకు ఆపరేషను జరిగినది. రాత్రి గడచి తెల్లవారినది. ముక్కునకు ఆక్సిజను గొట్టము, చేతికి సెలైను, మూత్రమునకు మరియొక గొట్టము, ఎదపై గుండె కొట్టుకొనుటను తెలుపు తీగలు. నర్సును, ఫిజియోథెరపిస్టును వచ్చి ఆయనను మంచపుటంచున కూర్చుండబెట్టుటకు సిద్ధపడుదురు. చూడవచ్చిన భార్య అడ్డుపడును. "నిన్ననే కదమ్మా కడుపు కోసి కుట్టారు! ఇవాళే కూర్చోబెడతారా? ఆయన్ని కాస్త పడుకోనివ్వండి, మీకు పుణ్యముంటుంది." నర్సు ఒక్క క్షణము ఆగి, "పడుకోబెడితేనే ఆయనకు కష్టమమ్మా. మీరూ ఇటువైపు వచ్చి చెయ్యి పట్టుకోండి" అనును. ఇద్దరు స్త్రీలును ఆయన మేలునే కోరుచున్నారు. ఇద్దరి మాటయు దయనుండియే వచ్చినది. ఐనను ఒకరు పడుకొననిండు అనుచున్నారు, ఒకరు లేవవలెననుచున్నారు. ఎవరి మాట వినవలెను?

భార్య మాటను అజ్ఞానమని త్రోసివేయుట తగదు. ఆ మాట వెనుక తరతరముల అనుభవము కలదు. దెబ్బ తగిలిన పశువు సైతము నీడ చూచుకొని పడుకొనును. విరిగిన ఎముకకు కట్టు కట్టి కదలనీయకున్నగాని అది అతుకదు. బాలింతను గడప దాటనీయక, గాలి సోకనీయక కాపాడిన ఆచారమును ఇంకను మరువని ఇండ్లు కలవు. వైద్యులు కూడ చిరకాలము ఇట్లే తలచిరి. లండను నగరమున శస్త్రవైద్యుడగు జాన్ హిల్టన్ విశ్రాంతియే గాయములను మాన్పునని ఉపన్యసించెను. ఆ ఉపన్యాసములు 1863 లో గ్రంథముగా వెలువడి అనేక తరముల వైద్యవిద్యార్థులకు పాఠ్యమైనవి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో కడుపు కోసిన రోగిని రెండు మూడు వారములు మంచము దిగనీయకుండుట పాశ్చాత్య దేశములలోను సాధారణమైన పద్ధతియే. కుట్లు తెగునేమో, గాయము విడునేమో అను భయము అందులకు కారణము.

ఈ నమ్మకమును శంకించినవారు ఆనాడే లేకపోలేదు. షికాగోలో ఎమిల్ రీస్ అను వైద్యుడు ఆపరేషను జరిగిన స్త్రీలను త్వరగా లేపవచ్చునని 1899 లోనే వ్రాసెను. ఆ మాటను ఎక్కువమంది పట్టించుకొనలేదు. 1930 ప్రాంతపు దశకము చివర డెట్రాయిట్ నగరమున డేనియల్ లైథౌజర్ అను శస్త్రవైద్యుడు ఈ విషయమును మరల చేపట్టెను. అతని రోగులు త్వరగా లేచి తిరిగినను కుట్లు తెగలేదు. పైగా వారు త్వరగా కోలుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మంచములు, నర్సులు చాలక, రోగులను త్వరగా లేపక తప్పని స్థితి అనేక ఆసుపత్రులలో ఏర్పడెను. దానివలన కీడుకంటె మేలే అధికముగా జరిగినట్లు కనబడెను. 1947 లో రిచర్డ్ ఆషర్ అను ఆంగ్ల వైద్యుడు మంచము పట్టుటవలన కలుగు ప్రమాదములను గూర్చియే ఒక వ్యాసము వ్రాసి వైద్యలోకమును హెచ్చరించెను. ఔషధమని అందరును తలచిన విశ్రాంతికి కూడ మోతాదు కలదనియు, మోతాదు మించినచో అదియును విషమగుననియు ఆ విధముగ తెలియవచ్చినది.

పడుకొనియుండుటవలన దేహమునకు ఏమి జరుగును? ఈ ప్రశ్నకు 1966 లో అమెరికాలోని డల్లాస్ నగరమున జరిగిన పరీక్ష స్పష్టమైన సమాధానము ఇచ్చెను. ఇరువది యేండ్ల ప్రాయముగల ఐదుగురు ఆరోగ్యవంతులగు యువకులను మూడు వారములపాటు మంచముపైననే ఉంచిరి. శ్రమించునపుడు ప్రాణవాయువును ఉపయోగించుకొను వారి శక్తి నాలుగవవంతుకు పైగా తగ్గిపోయెను. ముప్పది సంవత్సరముల తరువాత అదే ఐదుగురిని మరల పరీక్షించిరి. ముప్పది యేండ్ల వార్ధక్యము వారి శ్రమశక్తిని తగ్గించిన దానికంటె, యౌవనమున మూడు వారముల మంచము తగ్గించినదే ఎక్కువయని తేలెను. వారు రోగులు కారు. వారికి కోత లేదు, జ్వరము లేదు. ఇక రోగి గతి ఏమి? లండనులో తీవ్ర చికిత్సలోనున్న 63 మంది తొడ కండరములను కొలిచి 2013 లో ఫలితములను ప్రకటించిరి. పది దినములలో ఆ కండరపు పరిమాణము సగటున దాదాపు 18 శాతము క్షీణించెను. కండరము మాట అటుండ, వెల్లకిల పడుకొన్నవాని ఊపిరితిత్తుల అడుగుభాగములు సరిగా విప్పుకొనక కఫము చేరును, కాళ్ళలో రక్తము గడ్డకట్టును, ప్రేగులు మందగించును, వీపున ఒరుపుడు పుండ్లు లేచును. కోసిన గాయము మానుచుండగనే కోయని దేహము చెడుచుండును.

ఇంతకును తీవ్ర చికిత్సా విభాగము పుట్టినది రోగిని పడుకొనబెట్టుటకు కాదు, ఊపిరి నిలుపుటకు. 1952 లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో మహమ్మారి ప్రబలెను. ఊపిరి తీయు కండరములు చచ్చుబడి రోగులు మరణించుచుండిరి. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు కంఠమున రంధ్రము చేసి గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కి గాలి పంపవచ్చునని చూపెను. యంత్రములు చాలలేదు. దాదాపు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబగళ్ళు, నెలల తరబడి రోగుల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కిరి. మృతుల సంఖ్య ఎంతయో తగ్గెను. మరుసటి సంవత్సరము, 1953 లో, అట్టి రోగులకు ప్రత్యేకముగ ఒక విభాగమును ఇబ్సెన్ నెలకొల్పెను. అదియే నేటి ఐ.సి.యు. లకు ఆదియని చెప్పుదురు. ఆ విభాగమునకు పునాది యంత్రము కాదనియు, మనుష్యుడు మనుష్యుని ప్రక్కన కూర్చుండి అందించిన ఊపిరియనియు గుర్తుంచుకొనదగును.

తరువాత యంత్రములు వచ్చినవి. వెంటిలేటరు ఊపిరి నందించుచుండగా, గొంతులోని గొట్టపు బాధ తెలియకుండుటకు రోగికి మత్తుమందు ఎక్కించుట వాడుకయైనది. ఇదియు దయయే. బాధ తెలియనిచో బాధ లేనట్లే గదా అని తలచిరి. దినముల తరబడి రోగి నిద్రయు కాని మెలకువయు కాని స్థితిలో పడియుండును. కాని ఆ దయకు వెల కలదని క్రమముగ తెలిసినది. షికాగో విశ్వవిద్యాలయ వైద్యులు 128 మంది రోగులపై జరిపిన పరిశీలన 2000 సంవత్సరమున వెలువడెను. దినమునకొకసారి మత్తును ఆపి రోగిని మేలుకొననిచ్చిన చోట వెంటిలేటరు అవసరము 4.9 దినములు మాత్రమే ఉండగా, అట్లు చేయనిచోట 7.3 దినములు ఉండెను. అంతేకాదు. గాఢమైన మత్తులో ఉన్నవారికి మనోవిభ్రమ కలుగుట ఎక్కువ. పగలు రాత్రి తెలియదు. కన్నకొడుకు పరాయివాడుగ తోచును. గోడపై నీడలు శత్రువులుగ కనబడును. ఐ.సి.యు. నుండి బయటపడిన పిమ్మటను కొందరికి ఆ భయస్వప్నములు, మతిమరపు, నిస్సత్తువ నెలల తరబడి విడువవు. దీనికి వైద్యులు ఒక ప్రత్యేక నామమునే పెట్టుకొనవలసి వచ్చినది. ప్రాణము దక్కినది, మనుష్యుడు మాత్రము సగమే ఇంటికి వచ్చినాడు అని బంధువులు దుఃఖించునది ఈ స్థితిని గూర్చియే.

ఇవన్నియు తెలిసిన పిదప శస్త్రచికిత్స జరుగు తీరే మారసాగినది. డెన్మార్కు దేశస్థుడే యగు హెన్రిక్ కేలెట్ అను శస్త్రవైద్యుడు 1990 తరువాతి సంవత్సరములలో ఒక ప్రశ్న వేసెను. ఆపరేషను సరిగా జరిగినను రోగి ఇంకను ఆసుపత్రిలో ఎందుకున్నాడు? నొప్పివలననా, వాంతివలననా, ప్రేగు కదలకుండుటవలననా, నీరసమువలననా, గొట్టములవలననా? ఒక్కొక్క కారణమును విడదీసి ఒక్కొక్కదానికి మందు వెదకెను. ఒక్క మందు కాదు, అనేకమైన చిన్న జాగ్రత్తల కూర్పే మేలు చేయునని తేలెను. ఆపరేషనుకు ముందే రోగికి అంతయు వివరించుట, ఆటంకము లేని రోగికి రెండు గంటల ముందు వరకు తేట ద్రవములు త్రాగనిచ్చుట, నల్లమందు జాతి మందులపైననే ఆధారపడక పలువిధముల నొప్పిని తగ్గించుట, అవసరము తీరిన గొట్టమును ఆలస్యము చేయక తీసివేయుట, త్వరగా నోటితో ఆహారమిచ్చుట, త్వరగా లేపుట. 2001 లో ఐరోపాలోని కొందరు శస్త్రవైద్యులు కూడి ఈ మార్గమును నియమబద్ధము చేయసాగిరి. 2010 లో అది ఒక అంతర్జాతీయ సంఘముగ ఏర్పడెను. ఈ జాగ్రత్తలలో రోగిని లేపుట ఒకటి మాత్రమే. మిగిలినవి లేకుండ అదియొక్కటే చేసినచో అది కేవలము హింసయగును. నొప్పి తగ్గింపక లేవుమనుట వైద్యము కాదు.

ఐ.సి.యు. లోని శస్త్రచికిత్సా రోగుల విషయమున ప్రత్యేకముగ జరిగిన పరిశీలన యొకటి 2016 లో వెలువడెను. ఆస్ట్రియా, జర్మనీ, అమెరికా దేశములలోని ఐదు విశ్వవిద్యాలయ ఆసుపత్రులలో 200 మంది రోగులు అందులో పాల్గొనిరి. ఆ పద్ధతి చాల సరళమైనది. రోగి చేయగల పనిని మెట్లుగ విభజించిరి. మొదట ఏ కదలికయు లేని స్థితి, తరువాత పడుకొనియుండగనే కాలుచేతులు ఇతరులు కదల్చుట, పిమ్మట కూర్చుండుట, ఆపై నిలుచుట, చివరకు నడచుట. ప్రతి ఉదయము వైద్యులు, నర్సులు కలిసి నేడు ఈ రోగి ఏ మెట్టు ఎక్కగలడో నిశ్చయించిరి. ఎక్కలేకపోయినచో అడ్డుపడినదేమో వెదకిరి. నొప్పియా, మత్తా, రక్తపుపోటా, లేక కేవలము చేతులు చాలకపోవుటయా అని విచారించిరి. ఇట్లు చూడబడినవారు సగటున 7 దినములలో ఐ.సి.యు. విడువగా తక్కినవారికి 10 దినములు పట్టెను. ఆసుపత్రినుండి వెళ్ళునప్పటికి మంచము దిగుట, నడచుట మున్నగు పనులలో వారు ఎక్కువ స్వతంత్రులై యుండిరి. ఐనను వారిలో చిన్న చిన్న అపాయములు కొంచెము ఎక్కువగనే కలిగినవి. మేలు ఉచితముగ రాలేదు.

ఇక్కడనే ఆగినచో ప్రశ్న తీరినట్లు తోచును. కాని సత్యమును పూర్తిగ చెప్పవలెనన్నచో దీనికి మరియొక ప్రక్క కూడ కలదు. 2022 లో ఆరు దేశములలోని 49 ఆసుపత్రులలో వెంటిలేటరుపై నున్న 750 మంది రోగులపై జరిగిన పెద్ద పరిశీలన వెలువడెను. అందు ఒక వర్గమువారిని దినమునకు దాదాపు 21 నిమిషములు కదలించిరి. రెండవ వర్గమువారిని వాడుకగ చేయునట్లే దాదాపు 9 నిమిషములు కదలించిరి. ఆరు నెలల తరువాత చూడగా, జీవించి ఇంటనున్న దినములలో చెప్పదగిన భేదము లేదు. పైగా అధికముగ కదలించినవారిలో అపాయములు 9.2 శాతము మందికి కలుగగా, తక్కినవారిలో 4.1 శాతము మందికే కలిగినవి. దీనిని చూచి మరల మంచమే మేలని చెప్పరాదు. రెండవ వర్గమువారును కదలనివారు కారు. వారికి వాడుకయైన మేరకు కదలిక ఉండెను. ఈ పరిశీలన చెప్పునది ఒక్కటియే. కదలిక మంచిదైనంత మాత్రమున మరింత కదలిక మరింత మంచిది కాదు. విశ్రాంతికి మోతాదు ఉన్నట్లే చలనమునకును మోతాదు కలదు. ఆ మోతాదు గడియారము చెప్పునది కాదు. ఆ దినమున, ఆ దేహము చెప్పునది.

కావున మొదటి ప్రశ్నకు మరల రావలెను. రోగికి బాధ కలిగించు అధికారము సేవకునికి ఎక్కడినుండి వచ్చును? తన విద్యనుండి మాత్రము రాదు. ఎంత విద్యగలవాడైనను ఎదుటివాని దేహము అతనిది కాదు. మూడు నియమములు నెరవేరినపుడే ఆ అధికారము ధర్మసమ్మతమగును. మొదటిది, తగ్గింపదగిన బాధను తగ్గించి యుండవలెను. నొప్పిమందు పనిచేయు వేళ చూచి లేపవలెను. రెండవది, రోగికి తెలియజెప్పి అతని మాట వినవలెను. "ఇవాళ చేతకాదు" అను మాటలో సోమరితనము ఉండవచ్చును, భయము ఉండవచ్చును, గుండె పడుచున్న నిజమైన కష్టమును ఉండవచ్చును. ఏదియో తెలిసికొనక లేవనెత్తుట అపరాధము. మూడవది, లేపినవాడు ప్రక్కన నిలిచియుండవలెను. లేవుమని ఆజ్ఞాపించి వెళ్ళిపోవువాడు వేరు, చంకక్రింద చేయి వేసి నిలిచినవాడు వేరు. బిడ్డకు నడక నేర్పు తల్లి బిడ్డ పడునని ఎరుగును, ఐనను నడిపించును, కాని తన చేతులను దూరముగ తీసికొనిపోదు.

ఈ మూడును నెరవేరినపుడు కలుగు బాధకును, క్రూరునివలన కలుగు బాధకును సంబంధము లేదు. అట్లే వెనుకటి దయలోని దోషమును ఇప్పుడు స్పష్టమగును. రోగి మూలుగు వినలేక అతనిని కదల్పకుండువాడు, మత్తులో ఉంచుమని కోరువాడు, ఒక్కొక్కప్పుడు రోగి బాధను కాక తన బాధనే తగ్గించుకొనుచుండును. ఎదుటివాని కష్టమును చూడలేకపోవుట ఒకటి. ఎదుటివాని మేలును కోరుట మరియొకటి. చూచుటకు రెండును ఒక్కతీరుగనే ఉండును. పరీక్షింపవలసినది సేవించువాడు తన మనస్సునే. బసవేశ్వరుని బోధలో దయకు గల స్థానమును ఈ కుటుంబములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ దయ కన్నీటితో ముగియునది కాదనియు, పనిగ మారునదనియు శరణుల జీవితములే తెలుపుచున్నవి.

బంధువులు ఈ పనిలో ఏమి చేయగలరు? చాల ఆసుపత్రులలో బంధువులు ఐ.సి.యు. తలుపు బయట వరండాలో చాపలు పరచుకొని, దినమునకు ఒకటి రెండుసార్లు కొలది నిమిషములు మాత్రము లోనికి పోయి వత్తురు. బ్రెజిల్ దేశములో 36 ఐ.సి.యు. లలో బంధువులను దినమునకు పండ్రెండు గంటల వరకు ఉండనిచ్చి చూచిరి. ఆ ఫలితములు 2019 లో వెలువడినవి. రోగుల మనోవిభ్రమ దానివలన చెప్పదగినంతగ తగ్గలేదు. కాని బంధువుల ఆందోళన తగ్గెను. రోగులకు అంటువ్యాధులు పెరుగనులేదు. కావున బంధువు ప్రక్కనుండుట మాత్రమే మందు కాదు; ప్రక్కనుండి ఏమి చేయుననునది ముఖ్యము. పెద్దవారికి కంటి అద్దములు, వినికిడి యంత్రము, కట్టుడుపళ్ళు తెచ్చి ఇచ్చుట చిన్న పనియే. కాని అవి లేనివానికి లోకము మసకయు, నిశ్శబ్దమును అగును. నేడు ఏ వారము, ఇది ఏ ఊరు, మధ్యాహ్నమైనదా సాయంకాలమైనదా అని నెమ్మదిగ చెప్పుచుండవలెను. బెంగుళూరునకో, ముంబయికో వైద్యమునకై పోయిన తెలుగువానికి చుట్టును పరభాష వినబడుచుండగా, సొంత భాషలో "నాన్నా, నేనే వచ్చాను" అను మాట ఎంత ఆధారమో వేరుగ చెప్పనక్కరలేదు. రాత్రివేళ నిద్ర చెడకుండ మాటలు తగ్గించుటయు సేవయే. గుంపుగ వచ్చి ఏడ్చుట సేవ కాదు.

వీరశైవ కుటుంబములకు ఈ సందర్భమున మరియొక చింత కలదు. దేహమునుండి వేరు చేయరాని ఇష్టలింగమును ఆపరేషను వేళ తీయవలసి వచ్చునేమో అను చింత అది. ఆ గడియ వచ్చిన పిమ్మట వాదించుటకంటె, ముందే వైద్యునితో మాటలాడి, దేహముపై ఉంచుటకు వీలగునా, తీయక తప్పనిచో ఎవరి చేతిలో ఉండవలెను, మెలకువ వచ్చిన పిదప ఎప్పుడు తిరిగి ఇయ్యవచ్చును అని నిర్ణయించుకొనుట మేలు. మత్తు వదలుచున్న మనస్సు తన్ను తాను వెదకికొనుచుండును. జీవితమంతయు అరచేతిలో నిలిపి చూచిన దానిని మరల స్పృశించుట ఆ వెదకులాటలో ఒక ఆధారమగును. ఏ మతమువానికైనను తన నిత్యజీవితములోని గుర్తు అట్టిదే.

త్వరగా కోలుకొనుట అను మాటలో మరియొక చిక్కు దాగియున్నది. త్వర ఎవరి కొరకు? దినమునకింత యని వసూలుచేయు చోట రోగి ఎక్కువ దినములు ఉండుట ఆసుపత్రికి లాభము. ఒక్కొక్క ఆపరేషనుకు ఇంతయని మొత్తము నిర్ణయించిన చోట మంచము త్వరగా ఖాళీయగుట లాభము. రెండు చోట్లను రోగి మేలు అనుమాటతోనే పని జరుగును. కూలికి పోనిదే గడవని ఇంటివానికి మూడు దినములు ముందుగ ఇల్లు చేరుట నిజముగ గొప్ప మేలే. ఆ మూడు దినముల ఖర్చు ఒక్కొక్కప్పుడు ఒక దూడ వెల, ఒక ఎకరపు పెట్టుబడి. కాని ఇంట చూచువారు లేక, నొప్పిమందు లేక, గాయము చీముపట్టినచో చూపుకొను దారి లేక పంపబడినవానికి ఆ త్వర మేలు కాదు. దినములు తగ్గుట గుర్తు మాత్రమే, ఉద్దేశము కాదు. రోగి తన కాళ్ళపై తాను నిలిచి, తన అన్నము తాను తిని, తన కాయకమునకు తాను మరలుటయే ఉద్దేశము. కాయకమును పూజగ ఎంచు కుటుంబములకు ఈ మాట సులభముగ తెలియును.

చివరకు ఒక హెచ్చరిక. ఎంత యత్నించినను లేవలేనివారు కలరు. కొందరి దేహము మెల్లగ కోలుకొనును. కొందరిది కోలుకొననే కోలుకొనదు. లేవలేకపోవుటను వారి దోషముగ ఎంచరాదు. పట్టుదల లేదనియు, విశ్వాసము చాలదనియు రోగిని నిందించుట గాయముపై మరియొక గాయము. మరణము సమీపించినవానిని లెక్కకొరకు కూర్చుండబెట్టుట దయ కాదు. అతనికి కావలసినది నొప్పిలేని నిద్రయు, చేతిలో ఒక చేయియు. ఏ రోగిని లేపవలెనో, ఏ రోగిని పడుకొననీయవలెనో వేరుచేసి తెలిసికొనగల బుద్ధి కూడ దయలో భాగమే. బుద్ధిలేని దయ రెండు విధములను హాని చేయును. లేవదగినవానిని పడవేయును, పడుకొనదగినవానిని లేపును.

స్థావరము, జంగమము అను మాటలు శరణుల వాఙ్మయమున ఎడతెగక వినవచ్చును. వాని గూఢార్థమును ఆసుపత్రి గదికి దింపుట తగదు. ఐనను మంచముపై నిశ్చలముగ నున్న దేహమును చూచిన ప్రతివానికి ఆ మాటలు గుర్తునకు రాక మానవు. ఉదయమున అడ్డుపడిన ఆ ఇల్లాలు ఏమి చేయవలెను? నర్సు చూపిన వైపు నడచి భర్త చేయి పట్టుకొనవలెను. ఆయన మూలుగును వినవలెను. కాని ఆ మూలుగునకు వెరవరాదు. నర్సు ఆయన ముఖమును, యంత్రముపై అంకెలను చూచుచుండును. కాళ్ళు మంచము క్రిందికి దిగును. కొలది నిమిషములు చాలును. చెమట పట్టినచో, తల తిరిగినచో వెంటనే పడుకొనబెట్టుదురు. రేపు మరల ప్రయత్నింతురు. ఆ కొలది నిమిషములలో అడ్డుపడిన దయయు, లేవనెత్తిన దయయు రెండు కావు. ఆయనకు ఒకప్రక్క భార్య చేయి, మరియొకప్రక్క నర్సు చేయి. ఆ రెండు చేతుల నడుమ ఆయన తన బరువును తానే మోయుట మొదలుపెట్టును.